గుండె గిట్ల ఉరికితే ఫొటో ఎట్ల దిగుతది?

పన్నెండు గంటలు చాయ్ తాగొద్దన్నారు. తక్కిన బాధలన్నీ తర్వాత, ముందు ఇది చెప్పుకోనివ్వండి.

డెబ్బై అయిదేండ్ల మనిషిని. తెల్లారుగట్ల నాలుగున్నరకు మెలకువ వస్తుంది. చాయ్ కడుపులో పడితే గానీ లోకం మీద కోపం కూడా సరిగ్గా రాదు. అలాంటివాడికి స్కాన్ సెంటర్ నుంచి ఒక పిల్ల ఫోన్ చేసి, "టీ, కాఫీ, కూల్‌డ్రింక్ ఏదీ వద్దు అంకుల్, హార్ట్ రేట్ పెరుగుతది" అంది. "నా గుండె చాయ్ తాగినా ఉరుకుతది, తాగకున్నా ఉరుకుతది బిడ్డా" అన్నాను. అవతల చప్పుడు లేదు. ఎప్పుడో పెట్టేసిందట. మా రోజుల్లో ఫోన్ పెట్టేస్తే టక్కుమనేది, మనకు అవమానం జరిగిందన్న సంగతి అక్కడికక్కడే ఖరారయ్యేది. ఇప్పుడు అదీ లేదు.

నా గుండె సంగతి కనిపెట్టింది డాక్టర్ కాదు, గడియారం. అమెరికా నుంచి వచ్చిన మనవడు చేతికి తొడిగిపోయాడు. రెండు వారాలకే అది గుర్రుమని అదిరి, లయ సరిగ్గా లేదు, డాక్టరుకు చూపించుకోమని రాసింది. "గడియారం ఖరాబైంది, వాపసు పంపురా" అన్నాను. "గడియారం కాదు తాతా, నువ్వే" అన్నాడు వాడు. అదే నెలలో రావిర్యాల చెరువు దిక్కు నడుస్తుంటే ఛాతీ మీద ఎవరో చెయ్యి పెట్టి అదిమినట్టు అనిపించింది. ఇక ఇంట్లోవాళ్లు ఊరుకుంటారా? తీసుకుపోయారు.

ఆ డాక్టర్ గదిలో నేనున్నది నాలుగు నిమిషాలు. మంచివాడే, చదువుకున్నవాడే, కానీ నా ముంజేయి ముట్టలేదు. ఈసీజీ కాగితం చూశాడు, కంప్యూటర్ చూశాడు, మా అబ్బాయిని చూశాడు. "ఏట్రియల్ ఫిబ్రిలేషన్. పై గదులు కొట్టుకోవడం మానేసి వణుకుతున్నాయి. కింది గదులకు సంకేతం ఎప్పుడు పడితే అప్పుడు దిగుతోంది" అన్నాడు. రక్తం పలుచబడే మాత్ర రాశాడు. ఛాతీ బరువుకు కారణం తెలియాలంటే రక్తనాళాలు చూడాలి, తీగ పంపే యాంజియో ఎందుకు, ముందు సీటీతో చూద్దాం, బ్లాకులు లేవని తేల్చడానికి అది గట్టి పరీక్ష అన్నాడు.

మా నాయన నన్ను చిన్నప్పుడు చార్మినార్ పక్కనున్న యునానీ దవాఖానకు తీసుకుపోయేవాడు. అక్కడి హకీం సాబ్ వేళ్లు నా ముంజేతి మీద పెట్టి కండ్లు మూసుకునేవాడు. ఎంతసేపు అంటే, నిద్రపోయాడేమో అని నేను మా నాయన వంక చూసేవాణ్ణి. వాళ్ల శాస్త్రంలో నాడికి లేడి నడక ఉంది, చీమ నడక ఉంది. మన వైద్యులకైతే పాము, కప్ప, హంస. ఆ లెక్కల్లో ఎంత నిజమో నాకు తెలియదు గానీ, ఒక మనిషి ఇంకో మనిషి చెయ్యి పట్టుకుని అంతసేపు మాట్లాడకుండా కూర్చోవడం ఇప్పుడు ఏ ఫీజుకూ దొరకదు. నా నాడికి ఆయన ఏ జంతువు పేరు పెట్టేవాడో. తుక్కుగూడ చౌరస్తాలో రోడ్డు దాటే కుక్క అనేవాడేమో.

ఊరి సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే ఇది కూడా ఉరుకుడు వ్యవహారమే. మా రోజుల్లో తుక్కుగూడ అంటే శ్రీశైలం తోవ మీద బస్సు ఆగే ఊరు. ఆగేది, ఆ మాట జర యాదిలో పెట్టుకోండి, మళ్లీ పనిపడుతుంది. బస్సు ఆగితే డ్రైవరు దిగి బీడీ ముట్టించేవాడు. కండక్టరు టికెట్ల లెక్క సరిచూసుకునేవాడు. మేకపిల్లను ఎక్కించుకోవాలా వద్దా అని ఒక పంచాయితీ నడిచేది. 2006లో ఇక్కడ ఫ్యాబ్ సిటీ అన్నారు, చిప్పులు చేస్తామన్నారు. ఆ చిప్పులు రాలేదు గానీ భూముల ధరలు వచ్చాయి. 2008 మార్చిలో బేగంపేట మూసి శంషాబాద్‌లో విమానాలు దించారు. ఆ ఏడాదే నేను రిటైరయ్యాను. తర్వాత ఔటర్ రింగు రోడ్డు వచ్చి మాకు 14వ నంబరు ఎగ్జిట్ అని పేరు పెట్టింది. మీదేవూరు అంటే పిల్లలు నంబరు చెప్తున్నారు. 2016లో రావిర్యాలలో వండర్‌లా వచ్చింది, మనుషులు డబ్బిచ్చి మరీ తలకిందులయ్యే చోటు. 2018లో మునిసిపాలిటీ అయ్యాం. ఇప్పుడు బస్సు ఆగదు, నెమ్మదిస్తుంది. ఎక్కేవాడు ఎక్కాలి.

నేను చేసింది ఎక్స్‌రే పని. 1973లో నగరంలో ఒక సర్కారు దవాఖానలో డార్క్‌రూమ్ అసిస్టెంటుగా చేరి, రేడియోగ్రాఫరుగా దిగిపోయాను. ఎర్ర బల్బు వెలుతురులో ఫిల్మును హ్యాంగరుకు తగిలించి, డెవలపర్ తొట్టిలో ముంచి, కడిగి, హైపోలో వేసి, మళ్లీ కడిగి, ఆరబెట్టి, కిటికీకి అడ్డం పెట్టి చూస్తే అప్పుడు తేలేది బొమ్మ. ఛాతీ ఫిల్ముకు రోగిని ఆరడుగుల దూరం నిలబెట్టేవాళ్లం. తర్వాత నా గొంతు. "సాంస్ లేవ్... రోకో... ఛోడో." తెలుగువాళ్లకు తెలుగులో: "దమ్ము పీల్చు... ఆపు... ఇడువు." ముప్పై అయిదేండ్లు అవే మూడు మాటలు. మా ఇంటామె నిద్రలో కూడా విందట.

ఫిల్ములో రోగి కదిలితే గీతలు రెండవుతాయి. మా పెద్ద డాక్టరమ్మ ఆ ఫిల్మును వెలుతురుకు పెట్టి, ఏమీ తిట్టకుండా, మూలన ఎర్ర పెన్సిలుతో 'రిపీట్' అని రాసేది. ఆ ఒక్క మాటకు నేను బయటి బెంచీ దాకా పోయి, రోగిని వెతికి, మళ్లీ నిలబెట్టి, మళ్లీ రోకో అనేవాణ్ణి. కదిలినదాన్ని ఎవరూ రిపోర్టు చేసేవారు కాదు. ఇంతా చేసి ఆ ఫిల్ములో గుండె ఎలా కనిపించేది? ఒక తెల్లటి మచ్చ. స్కేలు పెట్టి దాని వెడల్పు, ఛాతీ వెడల్పు కొలిచి, సగానికి మించితే పెరిగిందనేవాళ్లం. అంతే మా విద్య. లోపలి రక్తనాళాలు చూడాలంటే తొడలోంచో చేతిలోంచో తీగ పంపి మందు కొట్టాల్సిందే. 1958లో క్లీవ్‌లాండ్‌లో మేసన్ సోన్స్ అనే డాక్టరు పొరపాటున మొదలుపెట్టిన విద్య అది: మందు వేరేచోట పడాల్సింది కుడి కరోనరీలో పడింది, రోగి బతికాడు, కొత్త పరీక్ష పుట్టింది.

ఇక ఈ సీటీ. దీన్ని కనిపెట్టిన హౌన్స్‌ఫీల్డ్ పనిచేసింది ఈఎంఐ కంపెనీలో. అవును, గ్రామఫోన్ ముందు కుక్క కూర్చున్న రికార్డులు అమ్మిన ఆ కంపెనీయే. 1971 అక్టోబరులో లండన్‌లో మొదటి రోగిని చూశారు. తలను చూశారు, గుండెను కాదు. ఎందుకంటే తలను పట్టి ఉంచొచ్చు. ఒక్క ముక్క తీయడానికి నిమిషాలు పట్టే మిషన్ అది, దాని ముందు గుండె నిలుస్తుందా? 1979లో నోబెల్ ఇచ్చారు. తర్వాత నలభై ఏండ్లు ఈ కంపెనీలన్నీ కొట్టుకున్నది ఒక్కదాని కోసమే: కదిలేదాన్ని కదలనట్టు ఎట్ల పట్టాలి?

మొదట మా అబ్బాయి తీసుకుపోయిన సెంటర్‌లో 64 స్లైసుల మిషన్ ఉంది. పేరు వద్దు, వాళ్ల బతుకేదో వాళ్లు బతకనీ. పరీక్షకు ముందు ఒక నర్సు పిల్ల ప్రశ్నల కాగితం పట్టుకొచ్చింది. ఆస్తమా ఉందా, కిడ్నీ పరీక్ష చేయించారా, రొయ్యలు పడతాయా. తర్వాత గొంతు తగ్గించకుండానే, "వయాగ్రా లాంటివి ఏమన్నా వాడుతున్నారా తాతా?" అంది. పక్కన కోడలు నిలబడి ఉంది. నాలుక కింద నాళాలు వెడల్పయ్యే మందు పెడతారట, ఆ మాత్రలు వేసుకున్నవాళ్లకు అది పెడితే బీపీ పాతాళానికి పడిపోతుందట, అందుకే అడగాలట. అడగాల్సిందే, కాదనను. కానీ మా రోజుల్లో అలాంటివి అడగడానికి పెద్దవయసు కాంపౌండరు ఒకడుండేవాడు, చెవి దగ్గరకొచ్చి అడిగేవాడు.

గుండెకు వైర్లు తగిలించారు. 112. మెటోప్రొలాల్ మాత్ర ఇచ్చారు. గంట కూర్చోబెట్టారు. 96. ఇంకోటి ఇచ్చారు. ఇంకో గంట. 84 అని చూపిస్తుంది, చూస్తుండగానే 70 అవుతుంది, మళ్లీ 104. "మీ రిథమ్ సెట్ అయితలేదు సార్" అన్నాడు టెక్నీషియన్ పిల్లగాడు, నేనేదో కావాలని చేస్తున్నట్టు. అరవై, అరవై అయిదు లోపుకు రావాలట, అదీ ఒక్కతీరుగా.

ఎందుకు రావాలో అర్థం కావాలంటే మా బస్సు దగ్గరికి మళ్లీ రండి. గుండె ఒకసారి బిగుసుకుంటుంది, తర్వాత వదులై కాసేపు తీరిగ్గా ఉంటుంది. ఆ తీరికలోనే రక్తనాళాలు కదలకుండా ఉంటాయి, ఫొటో అప్పుడే తీయాలి. నిమిషానికి అరవై సార్లు కొట్టుకుంటే ఒక్కో దెబ్బకు నిండు సెకను. అందులో బిగుసుకునేది మూడో వంతే, మిగతాది డ్రైవరు బీడీ తాగే సమయం. నిమిషానికి వందైతే దెబ్బకు సెకనులో ఆరు పదో వంతులే. బిగుసుకునే సమయం పెద్దగా తగ్గదు, కోత పడేదంతా తీరికలోనే. ఉరికే గుండె పని తగ్గించుకోదు, విశ్రాంతి తగ్గించుకుంటుంది. మా కోడలు లాగ.

ఆ మిషన్ గొట్టం మన చుట్టూ ఒక చుట్టు తిరగడానికి సెకనులో మూడో వంతు పడుతుంది. బొమ్మకు సగం చుట్టు చాలు కాబట్టి, అది కన్ను తెరిచి ఉంచే సమయం 165 మిల్లీసెకన్లు. రెండు మూడు మిల్లీమీటర్ల నాళం, అందులోనూ కుడివైపుది మహా చురుకు, ఆ మాత్రం సమయంలోనే చెదిరిపోతుంది. ఇది ఒక గండం. రెండోది ఇంకా పెద్దది. ఆ మిషన్ గుండెనంతా ఒక్కసారి చూడలేదు. ఒక్కో దెబ్బకు ఒక్కో పట్టీ తీసి, నాలుగైదు దెబ్బల పట్టీలను కలిపి అతుకుతుంది.

పాత సినిమా పోస్టర్లు గుర్తున్నాయా? గోడ మీద ఆరు కాగితాలు పక్కపక్కన అంటిస్తే ఒక హీరో అయ్యేవాడు. అంటించేవాడు కల్లు తాగి వస్తే హీరో ముక్కు చెవి దగ్గర, మీసం మెడ మీద. నా గుండె అచ్చం అదే. మొదటి పట్టీ తీసినప్పుడు గుండె నిండుగా ఉంది, రెండోది తీసేటప్పటికి దెబ్బ ముందే పడి సగమే నిండింది, మూడోది ఆలస్యం. అతికితే నాళం మెట్లు మెట్లుగా తెగి కనబడుతుంది. అది బ్లాకా, అతుకా? ఎవరు చెప్పాలి? పైగా తర్వాతి దెబ్బ ఎప్పుడు పడుతుందో ముందటి దెబ్బలను బట్టి మిషన్ లెక్కేసుకుంటుంది. టైంటేబుల్ ఉన్న బస్సుకైతే ఆ లెక్క నడుస్తుంది. నా గుండె షేర్ ఆటో. నిండితే పోతుంది, నిండకున్నా పోతుంది.

"ఇంకేదో మాత్ర ఉందట కదా, ఐవాబ్రాడిన్, అది ఇయ్యరాదు?" అన్నాను, మనవడు ఫోన్లో చదివి చెప్పిన తెలివితో. అక్కడున్న చిన్న డాక్టరు ఓపికమంతుడు, నవ్వాడు. అది గుండె పైనున్న అసలు పేస్‌మేకర్ గడ్డ మీద పనిచేస్తుందట. నాకు ఆ గడ్డ మాటే ఎవరూ వినడం లేదు. ఊరంతా పటేల్‌ను ధిక్కరించాక పటేల్ కాళ్లు మొక్కితే ఏం లాభం? ఆ ఒక్క మాట నాకు బాగా అర్థమైంది. మధ్యాహ్నం రెండున్నరకు, పరీక్ష చేయలేమని చెప్పి ఇంటికి పంపారు. ముందురోజు సాయంత్రం నుంచి చాయ్ లేదు.

తిరిగి వచ్చేటప్పుడు పహాడీ షరీఫ్ దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కున్నాం. పక్కనే ఇమారత్, రక్షణ శాఖవాళ్ల పరిశోధన కేంద్రం. 1988లో కలాం సాబ్ పెట్టించింది. కదిలేదాన్ని గురి తప్పకుండా కొట్టడం ఎట్లనో లెక్కలేసే చోటు. అటు కంచన్‌బాగ్‌లో ఆయన డీఆర్‌డీఎల్ నడిపించే రోజుల్లో క్షిపణుల పనిలోంచే మనుషులకు పనికొచ్చేవి కొన్ని పుట్టాయి. పోలియో పిల్లలు మూడు కిలోల ఇనుప బూట్లు ఈడ్చుకుంటూ నడవడం నిమ్స్‌లో చూసి, మూడు వందల గ్రాముల తేలికవి చేయించాడు. డాక్టర్ సోమరాజుతో కలిసి తక్కువ ధర స్టెంట్ చేశాడు, కలాం-రాజు స్టెంట్ అని 1990లలో పేపర్లలో చూశాం. అప్పట్లో స్టెంట్ అంటే ఎకరం అమ్ముకోవాలి. 2017 ఫిబ్రవరిలో గానీ సర్కారు ధర కట్టలేదు: మామూలు లోహానిది 7,260 రూపాయలు, మందు పూసినది 29,600. ఎకరం ఆ లోపల ఎవరికో పోయింది. అయితే స్టెంట్ వేయాలా వద్దా అన్నది తేలాలంటే ముందు ఫొటో సరిగ్గా దిగాలి కదా. అక్కడే కారులో కూర్చుని, "ఇంత దగ్గర్నుంచి క్షిపణి ఎక్కడికో పోయి తగులుతది, నా గుండె ఫొటో ఒకటి దిగదు" అని అరిచాను. "నాయినా, అరవకు, రేటు పెరుగుతది" అన్నాడు మా అబ్బాయి.

రెండో సెంటర్‌కు పోవడానికి పది రోజులు పట్టింది. ఆ పది రోజులు నేను చదివాను. మా రోజుల్లో మిషన్ గురించి మిషన్ కంపెనీ ఇంజినీరు చెప్పేవాడు, ఇప్పుడు ఎవరైనా చదువుకోవచ్చు, ఈ ఒక్క విషయంలో ఈ రోజులే నయం. జర్మనీవాళ్లు, సీమెన్స్, 2005లో ఒక ఉపాయం చేశారు. ఒక గొట్టం ఎంత వేగంగా తిప్పినా హద్దుంది. వందల కిలోల సరంజామా మనిషి చుట్టూ గిరగిరా తిరగాలి, ఇంకా వేగం పెంచితే బోల్టులు ఊడి గోడలో దిగుతాయి. అందుకని అడ్డంగా, నిలువుగా రెండు గొట్టాలు పెట్టారు. సగం చుట్టు పని ఇద్దరు పంచుకుంటే పావు చుట్టు చాలు. 165 కాస్తా 83 అయింది, తర్వాతి మిషన్లలో 66 మిల్లీసెకన్లకు దిగింది. నాట్లు ఇద్దరు వేస్తే మడి సగం పొద్దులో అయిపోతుందని మా అమ్మకు కూడా తెలుసు, కానీ దాన్ని గొట్టాలకు పెట్టడం వాళ్లకే తట్టింది.

జపానువాళ్లు, తోషిబా, 2007లో ఇంకో తోవ పట్టారు. పట్టీలు అతకడమే దండగ, గుండెనంతా ఒక్క చూపులో చూద్దామని పదహారు సెంటీమీటర్ల వెడల్పు డిటెక్టర్ పెట్టారు. 320 వరసలు. పోస్టర్ ముక్కలు పోయి ఫ్లెక్సీ వచ్చినట్టు. అతుకు లేదు కాబట్టి మెట్లు లేవు.

ఇక మూడో రకం ఉంది, అది నాకు నచ్చలేదు. ఫొటో తీశాక నాళం ఎటు కదిలిందో కంప్యూటరు లెక్కేసి, దాన్ని వెనక్కి జరిపి, చెదిరింది సరిచేస్తుంది. ఆబిడ్స్ స్టూడియోల్లో నెగెటివ్ మీద సన్న పెన్సిలుతో మొటిమలు దిద్దేవాళ్లుండేవాళ్లు. పెండ్లి చూపులకు పంపే ఫొటోల్లో అమ్మాయిలంతా ఒక్కలాగే ఉండేవాళ్లు. ఆ సంగతి గుర్తొచ్చి భయమేసింది. బ్లాకును కూడా మొటిమ అనుకుంటే? అది అలా పనిచేయదనీ, పరీక్షించి చూశారనీ ఆ చిన్న డాక్టరు చెప్పాడు. నమ్మాను, సగం.

ఆ రెండో సెంటర్‌లో రెండు గొట్టాల మిషనే ఉంది. అక్కడా మాత్ర ఇచ్చారు, ఎంత మంచి మిషనైనా గుండె నెమ్మదిస్తే నెమ్మదించినంత మేలేనట. 92 దగ్గర నిలిచింది. "చాలు అంకుల్, తీసేద్దాం" అన్నారు. గుండె ఉరికేటప్పుడు తీరిక సమయం ఉండదు కదా అంటే, బిగుసుకోవడం పూర్తయిన చివర్లో కూడా ఒక చిన్న నిలకడ ఉంటుందట. గుండె ఎంత ఉరికినా ఆ నిలకడ పెద్దగా తగ్గదట. దెబ్బ శాతాల లెక్క మాని, ఈసీజీలో శిఖరం కనబడ్డాక ఇన్ని మిల్లీసెకన్లకు అని గురి పెడతారు. బస్సు ఆగినప్పుడు కాదు, మలుపు తిరిగేటప్పుడు పట్టుకోవడం.

నేను బల్ల మీద పడుకున్నాను. చేతులు తల మీదికి. చేతిలో లావుపాటి సూది. పైన గుండ్రటి దిమ్మె. నేను నా మూడు మాటల కోసం ఎదురుచూశాను. నిజం, ఎదురుచూశాను. ఆ పిల్లగాడు ఎలా అంటాడో, నా అంత బాగా అంటాడో లేదో చూద్దామని. దిమ్మెలోంచి రికార్డు చేసిన ఆడగొంతు వచ్చింది: "దయచేసి ఊపిరి పీల్చుకొని, బిగబట్టండి." దయచేసి అట! చావు బతుకుల మధ్య ఉన్న గుండెకు దయచేసి. పిల్లగాడు అద్దం అవతల కూర్చుని ఉన్నాడు. రోగి నిజంగా బిగబట్టాడా, దొంగ దమ్ము పెట్టాడా అన్నది కడుపు చూసి చెప్పేవాణ్ణి నేను. ఇక్కడ నా కడుపు ఎవరూ చూడలేదు.

మందు లోపలికి పోయింది. ఒళ్లంతా ఒక్కసారి వేడి. బట్టల్లోనే పని కానిచ్చానేమో అనిపించింది. లేదు, అందరికీ అలాగే అనిపిస్తుందట. బల్ల ఒకసారి జరిగింది. అయిపోయిందన్నారు. నాకు కోపం వచ్చింది. ముందు సెంటర్‌లో నాలుగు గంటలు కూర్చోబెట్టి కాలేదన్నారు, ఇక్కడ నేను కోపం తెచ్చుకునే లోపు అయిపోయిందన్నారు.

రేడియేషన్ ఎంతైందని అడిగాను. ఆ పిల్లగాడు ఆశ్చర్యంగా చూశాడు, రోగులు అడగరు కాబోలు. ముప్పై అయిదేండ్లు నా జేబుకు బ్యాడ్జీ వేలాడింది. మూడు నెలలకోసారి అది పోయి, నేను ఎంత తిన్నానో లెక్క తేలి వచ్చేది. నేను అడగక ఎవరు అడుగుతారు? పాత పద్ధతిలో, లయ తప్పిన గుండెకు ఏ క్షణం పనికొస్తుందో తెలియక, దెబ్బ మొదలు నుంచి చివరి దాకా కిరణాలు పోస్తూనే ఉండేవాళ్లు. పది, పదిహేను మిల్లీసీవర్ట్‌లు, అంటే వంద ఛాతీ ఎక్స్‌రేలకు మించి. నిదానంగా ఒక్కతీరుగా కొట్టుకునే గుండెకు కొత్త మిషన్లలో ఒకటి లోపే అయిపోతుంది. నాది ఆ రెంటికీ నడుమ. ఉరికే గుండెకు జరిమానా అక్కడా ఉంది.

ఇక ఆ నాడి మాట. ఇంటికొచ్చాక కూడా దాని మీదే గొణుగుతుంటే మా ఇంటామె, "నువ్వు గన్నేండ్లు దవాఖానల చేసినవ్, ఎందరి నాడి పట్టినవ్?" అంది. నేను నోరు మూసుకున్నాను. ఒక్కరిదీ పట్టలేదు. నాది ఊపిరి డిపార్ట్‌మెంటు. ఇది నా ఒక్కడి తప్పు కాదని చెప్పడానికి నాకు చరిత్ర గుర్తొచ్చింది. 1888లోనూ 1889లోనూ హైదరాబాద్‌లో క్లోరోఫామ్ కమిషన్లు కూర్చున్నాయి. రెసిడెన్సీ సర్జన్ ఎడ్వర్డ్ లారీ దొర పట్టుదల అది. మత్తు ఇచ్చేటప్పుడు రోగి ఊపిరినే కనిపెట్టండి, నాడితో పనిలేదు, ఊపిరి ఆగాకే గుండె ఆగుతుందని ఆయన వాదం. నిజాం మహబూబ్ అలీ ఖాన్ వెయ్యి పౌండ్లు పంపిస్తే లండన్ నుంచి లాన్సెట్ పత్రిక బ్రంటన్ అనే పెద్ద డాక్టరును పంపింది. వందల కుక్కల మీద, కోతుల మీద చేసి చూశారు. లారీ మాటే నెగ్గిందన్నారు. 1911లో లెవీ అనే ఆయన పిల్లుల మీద చేసి, క్లోరోఫామ్ కింద ఊపిరి ఆడుతుండగానే గుండె లయ తప్పి, వణికి ఆగిపోగలదని చూపించాడు. కింది గదుల వణుకు అది, నా పై గదుల వణుకు కంటే చాలా చెడ్డది. అంటే నాడి వదిలేసి ఊపిరి పట్టుకోమని ప్రపంచానికి చెప్పింది ఈ హైదరాబాదే. నేను ఆ పరంపరలో పుట్టిన రోకో-ఛోడో వాణ్ణి. ఇదంతా చెప్తే మా ఇంటామె, "మరి ఆ డాక్టరును ఎందుకు తిడుతున్నవ్?" అంది. ఈమెతో చరిత్ర మాట్లాడకూడదు.

రిపోర్టు ఫోన్‌కు వచ్చింది. ఫిల్ము ఇవ్వలేదు. లింకు నొక్కి చూసుకోవాలట. ఫోన్‌ను కిటికీకి అడ్డం పెట్టి చూస్తే ఏం కనబడుతుంది, నా చెయ్యి తప్ప? చెప్పుకోదగ్గ బ్లాకులు లేవని రాశారు. నాళాల గోడల్లో వయసుకు తగ్గ సున్నం ఉందట. తీగ యాంజియో అక్కరలేదని డాక్టరు చెప్పాడు, లయకు మాత్రలు కొనసాగించమన్నాడు. ఇంట్లో అందరూ సంతోషపడ్డారు. నేనూ పడ్డాను, పైకి కనబడనివ్వలేదు. రిపోర్టు చివర ఒక వాక్యం ఉంది: కుడి కరోనరీ నడిమి భాగంలో కదలిక వల్ల స్పష్టత కొంత తగ్గింది.

మరునాడు పొద్దున చౌరస్తాలో జిరాక్స్ దుకాణంవాణ్ణి లేపి, ఆ బొమ్మల్లో కుడివైపు నాళానిది ఒకటి పెద్దగా ప్రింటు తీయించాను. ఇంటికొచ్చి కిటికీ దగ్గర వెలుతురుకు పట్టాను. కాగితం కాబట్టి వెలుతురు దూరదు, అయినా అలవాటు. భూతద్దం పెట్టి వెతికాను. ఉంది. నాళం సాఫీగా దిగుతూ దిగుతూ, నడుమ ఒక వెంట్రుక మందాన పక్కకు తప్పింది. 66 మిల్లీసెకన్ల మిషనైనా, రెండు గొట్టాలైనా, ఆ ఒక్కచోట నా గుండె వాటి చేతికి చిక్కలేదు.

"కదిలింది" అన్నాను. "ఇగో, ఇక్కడ. దీనికి రిపీట్ పడాలె."

"మళ్లా పన్నెండు గంటలు చాయ్ బందు చేస్తరు" అంది మా ఇంటామె, గిలాస కిటికీ గట్టు మీద పెడుతూ.

కాగితం బోర్లించి దాని మీద గిలాస పెట్టుకున్నాను.